నీ పాత్ర తరఫున నేను రాయకూడదు

1797 మార్చి. టూంగాబీ వాగు ఒడ్డున సర్కారు పొలం. మొక్కజొన్న కోత అయిపోయింది. గుడిసెల ముందు ఖైదీలు నెగడు రాజేసుకుంటున్నారు. వాగు అవతల చెట్లలో ఏదో కదిలింది. మీరేం చేస్తారు?

ఇది ఒక ఆటకు తొలి పేరా అనుకోండి. బొమ్మల్లేవు, సంగీతం లేదు, నొక్కడానికి బటన్లు లేవు. ఉన్నవల్లా అక్షరాలే. ఆడేవాళ్లు నలుగురు. సిడ్నీ పశ్చిమ శివార్లలో మనవాళ్లు బాగా స్థిరపడ్డ ఇప్పటి టూంగాబీలో ఒకరు, హైదరాబాదులో ఇద్దరు, డాలస్‌లో ఒకరు. తలా ఒక పాత్ర ఎంచుకుని, వంతు వచ్చినప్పుడు తలా ఒక పేరా టైపు చేస్తారు. దీన్నే టెక్స్ట్ రోల్‌ప్లే అంటున్నారు. కంప్యూటర్ ఆటల్లో ఇంత చవకైనది మరొకటి లేదు. ఇన్ని తగవులు పెట్టేదీ మరొకటి లేదనిపిస్తుంది.

ఆట కల్పితమే గానీ నేల నిజం. గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ హయాంలో 1791లో టూంగాబీలో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం మొదలైంది. సిడ్నీ, పరమట్టల తరువాత ఆస్ట్రేలియా ప్రధాన భూభాగం మీద బ్రిటిషువాళ్లు వేసిన మూడో స్థావరం అది. అడవి కొట్టిందీ, నేల దున్నిందీ ఓడల్లో తరలించిన శిక్షఖైదీలు. ఆ నేల మాత్రం దారుగ్ ప్రజలది. బిడ్జిగల్ తెగ వీరుడు పెముల్‌వోయ్ 1797 మార్చిలో ఈ పొలం మీద దాడి చేశాడు. వెంటాడి వచ్చినవాళ్లతో పరమట్టలో తలపడ్డాడు. ఒంట్లో ఏడు గుళ్లు దిగాక పట్టుబడ్డాడు. కాలికి సంకెల ఉండగానే ఆసుపత్రి నుంచి తప్పించుకున్నాడు. చివరికి 1802లో కాల్చి చంపారు. ఇప్పుడు టూంగాబీకి దగ్గర్లోనే ఆయన పేరుతో ఒక శివారు ఉంది.

మన నలుగురి సంగతికొద్దాం. మొదటివారికి తన ఖైదీ పాత్ర పైకి రావాలి. మేస్త్రీ కావాలి, శిక్ష తగ్గాలి, సొంత చెక్క సంపాదించాలి. రెండోవారికి ఆ వాగు ఎక్కడ పుట్టిందో చూడాలని ఉంది, పొలం గొడవ అక్కర్లేదు. మూడోవారు నెగడు పక్కన కూర్చుని, ఐర్లండులో వదిలేసి వచ్చిన తల్లి గురించి తోటి ఖైదీతో రాత్రంతా మాట్లాడాలనుకుంటున్నారు. నాలుగోవారు పాత్ర పేరు కూడా పెట్టకముందే కత్తి దూశారు. నలుగురూ చదివింది ఒకే పేరా. మూడు వంతులు తిరిగేసరికి నలుగురూ నాలుగు ఆటల్లో ఉంటారు. ప్రతి ఒక్కరికీ మిగతా ముగ్గురు ఆట చెడగొడుతున్నట్టే కనిపిస్తుంది.

బొమ్మల ఆటలో ఈ చిక్కు తక్కువ. అక్కడ గోడ ఉంటే పాత్ర ఆగిపోతుంది. దెబ్బ తగిలితే ప్రాణం గీత తగ్గుతుంది. ఏది సాధ్యమో, ఏది కాదో ప్రోగ్రామే తేల్చేస్తుంది. అక్షరాల ఆటలో గోడ అంటే గోడ ఉందని అందరూ ఒప్పుకోవడమే. ఒకరు ఒప్పుకోకపోతే గోడ కూలినట్టే. అందుకే ఇక్కడ ఆటగాళ్ల ఆశలు, అంచనాలే అసలు యంత్రం. వాటిని మనుషుల స్వభావానికి సంబంధించిన చిల్లర విషయంగా తీసిపారేస్తే ఈ ఆటలు ఎందుకు నడుస్తాయో, ఎందుకు ఆగిపోతాయో అర్థం కాదు.

ఈ సంగతి మొదట పట్టుకున్నవాళ్లు ఆట కట్టినవాళ్లే. ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1978లో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి, తరువాత అతనితో కలిసి రిచర్డ్ బార్టిల్, ఒకేసారి పలువురు ఆడగల అక్షరాల ఆట తయారుచేశారు. దాని పేరు మల్టీ యూజర్ డంజన్, పొట్టిగా మడ్. ఆ పొట్టి పేరే ఆ జాతి ఆటలన్నిటికీ స్థిరపడింది. పదకొండేళ్ల తరువాత, 1989 నవంబరు నుంచి 1990 మే దాకా, అలాంటి ఒక ఆటలో తలపండిన ఆటగాళ్లు ఒక ప్రశ్న మీద హోరాహోరీగా వాదించుకున్నారు. అసలు మనుషులకు మడ్ నుంచి ఏం కావాలి? ఆ వాదనలన్నీ వడగట్టి బార్టిల్ 1996లో ప్రచురించిన వ్యాసం ఈనాటికీ ఆటల రూపకర్తలకు పెద్దబాలశిక్ష.

ఆటగాళ్లను ఆయన పేకముక్కల రంగుల్లో చెప్పాడు. మెట్లెక్కేవాళ్లు డైమండ్లు, తవ్వి చూసేవాళ్లు ఇస్పేట్లు, కబుర్ల కోసం వచ్చేవాళ్లు ఆఠీన్లు, ఇతరులను చావగొట్టేవాళ్లు కళావర్లు. మన టూంగాబీ నలుగురూ ఈ నాలుగు రంగులే. ఈ విభజన ఎంత ప్రసిద్ధమైందంటే, దాన్ని పట్టుకుని నువ్వు ఏ రకమో చెబుతామనే క్విజ్‌లు వారఫలాల్లా పుట్టుకొచ్చాయి. కానీ వ్యాసంలో విలువైన భాగం అది కాదు, జనాభా లెక్క. ఒక చెరువులో చేపలూ కొంగలూ పెరిగినట్టు ఆటలోనూ ఒక రకం పెరిగితే మరో రకం తగ్గుతుందన్నాడు బార్టిల్. చావగొట్టేవాళ్లు పెరిగితే కబుర్లవాళ్లు మొదట వెళ్లిపోతారు. కబుర్లవాళ్లు ఎక్కువైతే వాళ్లకోసం మరింతమంది కబుర్లవాళ్లు వస్తారు. తవ్వి చూసేవాళ్లు ఎందరున్నా మిగతావాళ్లకు పెద్దగా పట్టదు. అంటే ఆటకు నియమాలు ఎంత బాగా రాసినా సరిపోదు. ఎవరు ఎందరున్నారన్నది నియమాల కంటే గట్టిగా ఆటను మలుస్తుంది.

బార్టిల్ విభజనను సరిదిద్దినవాడు పరిశోధకుడు నిక్ యీ. మనిషిని ఒక గదిలో పెట్టి తాళం వేయడం ఆయనకు నచ్చలేదు. ఆన్‌లైన్ ఆటలాడే సుమారు 3,000 మందిని ప్రశ్నావళితో అడిగి, జవాబులను గణాంక పద్ధతిలో విడదీసి, 2006లో ఫలితాలు ప్రచురించాడు. తేలినవి మూడు ప్రధాన ప్రేరణలు: సాధన, సాంగత్యం, కథలో మునిగిపోవడం. వాటి కింద పది ఉపప్రేరణలు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఒకటి ఎక్కువైతే మరొకటి తగ్గాలన్న నియమం లేదు. ఒకే మనిషికి గెలవాలనీ ఉండవచ్చు, ఏడిపించే కథ కావాలనీ ఉండవచ్చు. సోమవారం రాత్రి కబుర్లకు వచ్చిన మనిషే శనివారం కత్తి పట్టుకుని రావచ్చు. నా మటుకు నాకు నిక్ యీ లెక్కే మనుషులకు దగ్గరగా ఉందనిపిస్తుంది. బార్టిల్ పటం మాత్రం గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది.

ఆస్ట్రేలియాకు ఈ చరిత్రలో రెండు చోట్ల పేరుంది. మొదటిది గర్వపడే విషయం. మెల్‌బోర్న్‌లోని బీమ్ సాఫ్ట్‌వేర్ కోసం వెరోనికా మెగ్లర్, ఫిలిప్ మిచెల్ తయారుచేసిన ద హాబిట్ ఆట 1982లో వచ్చింది. ఒక్కరే ఆడే అక్షరాల సాహసం అది, కొద్దిపాటి బొమ్మలతో. 48 కిలోబైట్ల జడెక్స్ స్పెక్ట్రమ్ యంత్రంలో అందులోని పాత్రలు ఆటగాడి ఆజ్ఞ కోసం ఎదురుచూడకుండా తమ మానాన తాము తిరిగేవి. థోరిన్ అనే మరుగుజ్జు పాత్ర ఎంత హడావిడిలో ఉన్నా కూర్చుని బంగారం గురించి పాట అందుకునేది. ఆ పాట వేళాకోళంగా ఆటగాళ్ల జ్ఞాపకాల్లో నిలిచిపోయింది. నిన్న గెలిచిన ఎత్తు ఈరోజు పారేది కాదు. ఆట అంటే ఒకే తాళంచెవికి ఒకే తాళం అనుకుని వచ్చినవాళ్లకు ఇది కొత్త. ఎదుటి పాత్రకూ సొంత ఇష్టాలుంటాయని అంచనా వేసుకోవడం అక్కడ నేర్చుకోవలసి వచ్చింది. తోటి మనుషులతో ఆడే రోల్‌ప్లేకు అదే తొలి పాఠం.

రెండోది నిషేధం. 1989లో ఆస్ట్రేలియా ఇంటర్నెట్‌ను హవాయి మీదుగా అమెరికాతో కలిపిన ఉపగ్రహ లింకు సామర్థ్యం సెకనుకు 56 కిలోబిట్లు. ఇవాళ ఫోనులో ఒక ఫొటో తెరుచుకోవడానికి కూడా చాలదు. దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ ఆ సన్నని దారినే పంచుకోవాలి. శాస్త్రపరిశోధనకే చాలని దారిలో మడ్ ఆటలు తగవని అధికారులు వాటిని నిషేధించిన సంగతిని హొవార్డ్ రైన్‌గోల్డ్ 1993లో వెలువడిన తన పుస్తకంలో రాశాడు. బొమ్మ ఒక్కటి లేని ఆట ఒక ఖండం దారిని నింపేయగలదని ఎవరు ఊహిస్తారు?

ఇక అసలు చిక్కుకు వద్దాం. నలుగురూ మంచివాళ్లే, నలుగురికీ కథ మీద ప్రేమ ఉంది, అయినా ఎందుకు కలవరు? దీనికి జవాబు ఆటల శాస్త్రంలో కంటే మనస్తత్వ శాస్త్రంలో బాగా దొరుకుతుంది.

స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ 1990లో తన పరిశోధన కోసం ఒక చిన్న ప్రయోగం చేసింది. కొందరిని అందరికీ తెలిసిన పాటల్లో ఒకటి ఎంచుకుని, బల్ల మీద వేళ్లతో దరువు వేయమంది. ఎదురుగా కూర్చున్నవారు ఆ పాటేమిటో చెప్పాలి. సగం మందైనా కనిపెడతారని దరువు వేసినవాళ్ల అంచనా. మొత్తం 120 దరువుల్లో సరిగా చెప్పగలిగింది మూడు. దరువు వేసేవాళ్ల తలలో పల్లవి, చరణం, వాయిద్యాలు అన్నీ మోగుతున్నాయి. వినేవాళ్లకు వచ్చేది మాత్రం టకటకలే. రోల్‌ప్లేలో ఒక పేరా రాయడం అచ్చంగా ఇదే. చెట్లలో ఏదో కదిలిందని రాసినవారి తలలో పూర్తి దృశ్యం ఉంది: కదిలింది పెముల్‌వోయ్, రాబోయేది యుద్ధం, గుండె దడ. చదివిన ముగ్గురిలో ఒకరికి అది కంగారూ.

దీనికి తోడు స్వరం లేకపోవడం. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు కొన్ని వాక్యాలను మామూలుగానూ, కొన్నిటిని వ్యంగ్యంగానూ పంపారు. ఈమెయిల్‌లో పంపినా నోటితో చెప్పినా ఎదుటివారు 78 శాతం సరిగా పసిగడతారని పంపినవాళ్ల నమ్మకం. గొంతు విన్నవాళ్లు 73 శాతం సరిగా చెప్పారు. ఈమెయిల్ చదివినవాళ్లు 56 శాతమే. బొమ్మాబొరుసు వేసినా 50 వస్తుంది కదా! ఇందులో భయపెట్టేది 56 కాదు, 78. మన మాట అందిందో లేదో మనకే తెలియదు, పైగా అందిందన్న ధీమా. మన నలుగురూ తెలుగును ఇంగ్లిషు లిపిలో టైపు చేస్తే, మీ పాత్రకు బాగా ధైర్యం అన్న ఒక్క వాక్యం మెచ్చుకోలో దెప్పిపొడుపో తేల్చుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది.

ఎదురుచూపు సంగతి వేరే. టూంగాబీలో చలికాలం రాత్రి తొమ్మిదైతే హైదరాబాదులో సాయంత్రం నాలుగున్నర, డాలస్‌లో ఉదయం ఆరు. అక్టోబరులో సిడ్నీవాళ్లు గడియారం గంట ముందుకు జరిపితే ఈ లెక్కా మారుతుంది. భోంచేసి తీరిగ్గా రాయడానికి కూర్చున్నవారికి వెంటనే జవాబు కావాలి. ఆఫీసులో ఉన్నవారికి రేపు రాస్తే ఏమవుతుందనిపిస్తుంది. మెదడు ఇక్కడ ఊరికే ఉండదు. వుల్ఫ్‌రామ్ షుల్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాల ఆధారంగా 1997లో పీటర్ డయాన్, రీడ్ మాంటెగ్యూలతో కలిసి ప్రచురించిన వ్యాసం ప్రకారం, డోపమైన్ నాడీకణాలు బహుమతికంటే బహుమతికీ అంచనాకూ మధ్య తేడాకే ఎక్కువ స్పందిస్తాయి. అనుకోకుండా పళ్లరసం దొరికితే అవి చెలరేగాయి. దీపం వెలిగాక రసం వస్తుందని నేర్చుకున్నాక దీపానికే చెలరేగాయి. దీపం వెలిగి రసం రాకపోతే, రావలసిన క్షణంలో మామూలు కంటే తగ్గి చతికిలపడ్డాయి. కోతి నుంచి మనిషికి, పళ్లరసం నుంచి పేరాకు నేరుగా దూకడం తొందరపాటే. అయినా, రోజూ రాత్రి వచ్చే జవాబు ఒక రాత్రి రాకపోతే కలిగే చికాకు అర్థం చేసుకోవడానికి ఇది పనికొస్తుంది. వారానికి ఒకసారే జవాబని ముందే అనుకుంటే అదే ఆలస్యం బాధించదు. రాని జవాబు ఒకటే, అంచనాలే వేరు.

రోల్‌ప్లే లోకంలో అన్నిటికంటే పెద్ద నేరం గాడ్‌మోడింగ్. అంటే ఎదుటి పాత్రకు ఏం జరిగిందో, అది ఏం చేసిందో మనమే రాసేయడం. నేను కత్తి విసిరాను అనవచ్చు. అది నీ భుజానికి తగిలింది, నువ్వు మోకాళ్ల మీద పడి ప్రాధేయపడ్డావు అనకూడదు. తగిలిందో లేదో చెప్పే హక్కు ఆ భుజం గలవారిది. కొత్తవాళ్లకు ఇది చాదస్తంగా తోస్తుంది. ఇది ఎందుకంత ముఖ్యమో 1993లో లాంబ్డామూలో తేలింది.

లాంబ్డామూ కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనాలయంలో పావెల్ కర్టిస్ నడిపిన అక్షరాల ప్రపంచం. అక్కడ ఒక ఆటగాడు ఊడూ బొమ్మ అనే చిన్న ప్రోగ్రాముతో ఇతరుల పాత్రలు తమంతట తామే అసభ్యమైన పనులు చేస్తున్నట్టు వాక్యాలు తెర మీద పడేలా చేశాడు. ఎవరి ఒంటికీ గీత పడలేదు. కానీ ఆ పాత్రల వెనకున్న మనుషుల్లో ఒకరు ఆ సంగతి చెబుతూ నిజంగానే కన్నీళ్లు పెట్టుకున్నారని జూలియన్ డిబెల్ ఆ ఏడాది డిసెంబరులో విలేజ్ వాయిస్ పత్రికలో రాశాడు. కథలో జరిగిన దానికి మనిషికి ఏడుపెందుకని నవ్వినవాళ్లున్నారు. సామాజిక శాస్త్రజ్ఞుడు గ్యారీ అలన్ ఫైన్ 1983లోనే దీనికి దారి చూపాడు. రోల్‌ప్లే ఆడేవారు ఒకేసారి మూడు చట్రాల్లో ఉంటారన్నాడాయన: మనిషి, ఆటగాడు, పాత్ర. చట్రాలు వేరైనా నాడీమండలం ఒక్కటే. పాత్రకు తగిలినది మనిషికి అస్సలు తగలకపోతే ఆ ఆటలో పస లేదనే అర్థం.

ఆ గొడవకు కొన్ని నెలల ముందే కర్టిస్, ఇకపై నిర్వాహకులు సాంకేతిక పనులే చూస్తారు, తగవులు తీర్చరు అని ప్రకటించి పక్కకు తప్పుకున్నాడు. ఆటగాళ్లు మాత్రం ఎవరో ఒకరు న్యాయం చెబుతారనే అంచనాలో ఉండిపోయారు. చివరికి ఒక నిర్వాహకుడు తనంతట తాను ఊడూ బొమ్మ వాడినవాడి పాత్రను తొలగించాడు. ఆ తరువాత కర్టిస్ అర్జీలు, ఓటింగులు పెట్టాడు. ఎవరి బాధ్యత ఎంతన్నది ముందే మాట్లాడుకోకపోతే, గొడవ జరిగాక రాజ్యాంగం రాసుకోవాల్సి వస్తుంది.

ముందే మాట్లాడుకోవడం అనే విద్య మనకు కొత్తదా అంటే, అష్టావధానం చూడండి. ఎనిమిదిమంది పృచ్ఛకులు, ప్రతి ఒక్కరికీ ముందే కేటాయించిన పని. నిషిద్ధాక్షరి అడిగేవారి పని అవధాని తరువాత ఏ అక్షరం వేయబోతున్నారో ఊహించి, దాన్ని నిషేధించడం. అంటే అంచనా వేయడమే అక్కడ ఆట. అవధాని గెలుపు ఆ అంచనాను తప్పించడంలో ఉంది. ఇక అప్రస్తుత ప్రసంగం. పద్యం మధ్యలో కొంటె ప్రశ్నలతో అడ్డుతగలడం ఆ పృచ్ఛకుడి హక్కు. అదే ప్రశ్న సభలో వెనక వరసలోంచి ఒక ప్రేక్షకుడు లేచి అడిగితే పక్కవాళ్లు చెయ్యి పట్టి కూర్చోబెడతారు. మాట ఒకటే, ఒప్పందం వేరు. అడ్డుతగలడం ఇష్టమైనవారికి అడ్డుతగిలే కుర్చీ ముందే వేసి పెట్టారు మన పెద్దలు. ఆటలో కత్తి దూసే నాలుగో రకానికి ఇంతకంటే మంచి వైద్యం బార్టిల్ కూడా రాయలేదు.

ఇప్పటి రోల్‌ప్లే బృందాలు ఇదే పనిని సెషన్ జీరో పేరుతో చేస్తున్నాయి. కథ మొదలుకాకముందు ఒక పూట కూర్చుని ఎవరికి ఏం కావాలో, ఏం వద్దో చెప్పుకుంటారు. రాన్ ఎడ్వర్డ్స్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో, కొన్ని విషయాలు కథలోకి అసలు రాకూడదని గీత గీస్తారు. మరికొన్నిటిని రానిచ్చి, వివరంగా చూపకుండా తెర వేస్తారు. జాన్ స్టావ్‌రోపౌలస్ రూపొందించిన ఎక్స్ కార్డు మరీ సులువు. కార్డు ముట్టుకుంటే చాలు, కారణం అడగకుండా ఆ దృశ్యం పక్కన పెడతారు. అక్షరాల ఆటలో కార్డు బదులు ఒక్క అక్షరం టైపు చేస్తే సరి.

మన టూంగాబీ ఆటకు ఈ సెషన్ జీరో మరీ అవసరం. పెముల్‌వోయ్ పాత్ర ఎవరు వేస్తారు? అసలు వేయవచ్చా? ఆయన తెగ వారసులు ఇవాళ అదే సిడ్నీలో ఉన్నారు. ఆయనను కథలో శత్రువుగా పెట్టి చంపితే పాయింట్లు వస్తాయన్న ఆటలో నేను కూర్చోను. ఆయనను కనిపించకుండా ఉంచి, వాగు అవతలి కదలికగానే నడిపిస్తే ఆలోచిస్తాను. ఇది నా గీత. మీ గీత వేరేచోట ఉండవచ్చు, కానీ అది ఎక్కడుందో మూడో పేరాలో కత్తి దూశాక తెలియడం వల్ల ఎవరికీ లాభం లేదు.

ఈమధ్య ఈ లోకంలోకి కొత్త భాగస్వామి వచ్చింది. నిక్ వాల్టన్ 2019 డిసెంబరులో జీపీటీ-2 ఆధారంగా విడుదల చేసిన ఏఐ డంజన్‌తో మొదలై, ఇప్పుడు ఏ చాట్‌బాట్‌నైనా కథ చెప్పమని కూర్చోబెట్టవచ్చు. అర్ధరాత్రి అడిగినా క్షణంలో పేరా ఇస్తుంది. మీరు ఎవరి భుజానికి కత్తి తగిలించినా చాలావరకు కాదనదు. దానికి ఆఫీసు లేదు, డాలస్ వేళలు లేవు, తన పాత్ర మీద పట్టుదలా తక్కువే. సుఖంగానే ఉంటుంది. కానీ ఆ సుఖానికి అలవాటుపడ్డ అంచనాలతో తోటి మనుషుల మధ్యకు వస్తే, వాళ్లు నిదానస్తుల్లా, మొండివాళ్లలా కనిపించడం ఖాయం. 1982లోనే థోరిన్ మన మాట వినకుండా కూర్చుని పాట పాడేవాడు. ఆ మొండితనం కోసమే జనం మళ్లీ మళ్లీ ఆడారు.

మీ మిత్రబృందం ఏదైనా ఇలాంటి కథ మొదలుపెట్టబోతుంటే, మొదటి పేరా రాసే ముందు ఒక్క పూట కేటాయించండి. ఎన్ని రోజులకు ఒక జవాబు, పాత్ర చావవచ్చా, ఏ సంగతి వద్దు, తగవు వస్తే ఎవరి మాట చెల్లుతుంది అన్నవి మాట్లాడుకుని, రాసి పెట్టుకోండి. కొత్తగా ఎవరు చేరినా ముందు ఆ కాగితమే వాళ్లకు చూపించండి.